సంతకం లేని నిషేధం

2024 జూన్ 4న ఎన్నికల ఫలితాలు వచ్చాక ఆంధ్రప్రదేశ్‌లో చాలా ఇళ్లలో టీవీ9, సాక్షి, ఎన్‌టీవీ, 10టీవీ కనబడకుండా పోయాయి. రిమోట్ మీద నంబర్ కొడితే నల్ల తెర. మా ఇంట్లోనూ అంతే. ఆపరేటర్‌కు ఫోన్ చేస్తే "పైనుంచే రావట్లేదండీ" అన్నాడు. పైన అంటే ఎవరని అడిగితే ఫోన్ పెట్టేశాడు. జూన్ చివరి వారంలో ఢిల్లీ హైకోర్టు కలగజేసుకుని, టీవీ9ను తిరిగి ఇవ్వాలని 15 మంది కేబుల్ ఆపరేటర్లను ఆదేశించేదాకా వ్యవహారం వచ్చింది. ఆపింది తాము కాదని కొత్తగా గెలిచిన టీడీపీ అంది.

ఇది కేవలం గెలిచినవాళ్ల కక్ష అనుకుంటే సగమే అర్థమవుతుంది. ఈ పద్ధతి ఎక్కడ పుట్టిందో చూడాలి. ఎమర్జెన్సీ సెన్సార్‌షిప్, దూరదర్శన్ రోజులు, గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అందరికీ తెలిసినవే. మనకు కావలసిన తేదీ 2014 జూన్ 16.

తెలంగాణ ఏర్పడి అప్పటికి రెండు వారాలు. కొత్త ఎమ్మెల్యేల ప్రమాణ స్వీకారం మీద టీవీ9 ఎగతాళిగా ఒక కార్యక్రమం వేసింది. అది తెలంగాణ భాషనూ ప్రజాప్రతినిధులనూ అవమానించడమేనని చట్టసభలు మండిపడ్డాయి. ఆ కోపానికి కారణం లేకపోలేదు. యాసను వెక్కిరిస్తే దశాబ్దాలుగా మాటలు పడ్డవాళ్లకు ఎంత మంటగా ఉంటుందో తెలిసిందే. దానికి కేసు పెట్టవచ్చు, సభాహక్కుల నోటీసు ఇవ్వవచ్చు. జరిగింది వేరు. ఎంఎస్‌వోలు, అంటే ఊళ్లలోని చిన్న ఆపరేటర్లకు సిగ్నల్ పంచే పెద్ద ఆపరేటర్లు, టీవీ9తో పాటు ఏబీఎన్ ఆంధ్రజ్యోతిని కూడా తెలంగాణ అంతటా ఆపేశారు. ఆత్మగౌరవం కోసం తామే నిర్ణయించామన్నారు. ప్రభుత్వం తనకు సంబంధం లేదంది. కేంద్ర మంత్రి ప్రకాశ్ జావడేకర్ ముఖ్యమంత్రికి లేఖ రాశారు. ప్రెస్ కౌన్సిల్ స్పందించింది. జర్నలిస్టులు రోడ్డెక్కి అరెస్టయ్యారు. సెప్టెంబరులో వరంగల్ సభలో ముఖ్యమంత్రి కేసీఆర్ ఆ ఛానళ్లను పాతిపెడతామన్నట్టు మాట్లాడారు, ఆపినందుకు ఆపరేటర్లను మెచ్చుకున్నారు. సంబంధం లేదన్న మాటను అంతకుమించి ఎవరూ కొట్టిపారేయనక్కర్లేదు. అయినా ఏబీఎన్ నెలల తరబడి తెర మీదకు రాలేదు.

నా దృష్టిలో అసలు మలుపు ఇదే. ఛానల్‌కు అనుమతి ఇచ్చేదీ రద్దు చేసేదీ ఢిల్లీలోని సమాచార ప్రసార శాఖ. రాష్ట్రానికి ఆ అధికారం లేదు. 1995 నాటి కేబుల్ చట్టం కింద కలెక్టరో పోలీసు కమిషనరో ఒక ప్రసారాన్ని ఆపాలన్నా 19వ సెక్షన్ ప్రకారం ఉత్తర్వు ఇవ్వాలి. ఉత్తర్వు ఉంటే దాన్ని కోర్టులో ప్రశ్నించవచ్చు. 2014లో తెలిసొచ్చింది ఏమిటంటే, ఉత్తర్వు అక్కర్లేదు. కేబుల్ వైరు వేలాడేది కరెంటు స్తంభాల మీద. ఆ స్తంభాలు విద్యుత్ సంస్థవి, వీధి మున్సిపాలిటీది, స్టేషన్ పోలీసులది. ఆపరేటర్ బతుకు వాళ్ల చేతుల్లో ఉంది. ఒక ఫోన్ వస్తే చాలు, కంట్రోల్ రూమ్‌లో ఒక రిసీవర్ ఆపేస్తారు. ఆ ఫోన్‌కు కాగితం ఉండదు.

ఎదురుగా కేరళ ఛానల్ మీడియావన్ కేసు పెట్టి చూడండి. 2022 జనవరి 31న కేంద్రం దాని ప్రసారం ఆపేసింది. కారణం అడిగితే హోంశాఖ సెక్యూరిటీ క్లియరెన్స్ ఇవ్వలేదన్నారు, వివరాలు సీల్డ్ కవర్‌లో కోర్టుకిచ్చారు. కేరళ హైకోర్టు రెండుసార్లు ప్రభుత్వం పక్షానే నిలిచింది. చివరికి 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టులో జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ హిమా కోహ్లీ ధర్మాసనం ఆ ఉత్తర్వును కొట్టేసింది. ప్రభుత్వ విధానాలను విమర్శించడం వ్యవస్థకు వ్యతిరేకం కాదని తేల్చింది. ఆ కేసులో అన్యాయం పెద్దదే, కానీ కొట్టేయడానికి ఒక ఉత్తర్వు ఉంది. మన దగ్గర అదీ లేదు.

2019కి ఆ పద్ధతి ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది. వైసీపీ ప్రభుత్వంలో టీవీ5, ఏబీఎన్ కేబుల్‌లో, ఫైబర్‌నెట్‌లో ఆగిపోయాయి. ఫైబర్‌నెట్ రాష్ట్ర ప్రభుత్వ సంస్థే, కాబట్టి నెపం వేయడానికి మధ్యలో మరొకరు కూడా లేరు. టీవీ5, టెలికాం, ప్రసార వివాదాలు తేల్చే ట్రిబ్యునల్ టీడీశాట్‌కు వెళ్లి, ప్రసారాలు పునరుద్ధరించాలన్న ఆదేశం తెచ్చుకుంది. 2024లో అదే వైసీపీ ఎంపీ నిరంజన్ రెడ్డి, ఛానళ్లను ఆపడం చట్టవిరుద్ధమని టెలికాం, కేబుల్ రంగాలను నియంత్రించే ట్రాయ్‌కి లేఖ రాశారు. ఆ లేఖలోని న్యాయం సరైనదే. 2019లో ఏబీఎన్ ప్రేక్షకుడికీ అదే న్యాయం వర్తించాల్సింది.

ట్రాయ్ 2017 నిబంధనల ప్రకారం ఛానల్‌ను ఆపాలంటే కారణం రాసి మూడు వారాల ముందు నోటీసు ఇవ్వాలి. ప్రేక్షకులకు కూడా ముందే చెప్పాలి. 2024 జూన్‌లో మా టీవీ మీద అలాంటి స్క్రోలింగ్ ఒక్కటీ రాలేదు. ఆ నెల కేబుల్ బిల్లు మాత్రం పూర్తిగా కట్టించుకున్నారు.

హైకోర్టు ఉత్తర్వు టీవీ9 కోసం, ఆ 15 మంది ఆపరేటర్ల మీద. దాని కోసం ఛానల్ ఢిల్లీ దాకా వెళ్లాల్సి వచ్చింది. పెద్ద ఛానల్‌కు ఆ లాయర్ల ఖర్చు ఒక లెక్క కాదు. జిల్లాలో నడిచే చిన్న లోకల్ ఛానల్‌ను ఇలాగే ఆపితే, దాని యజమాని ఎవరి మీద కేసు వేయాలి? పిటిషన్‌కు జతచేయడానికి ఆయన దగ్గర ఏ ఉత్తర్వు ఉంటుంది?