సోఫీ బ్లాంషార్ బెలూన్‌లో ఏముంది?

బెలూన్ యానాన్ని బతుకుతెరువుగా చేసుకున్న తొలి మహిళగా పేరున్న సోఫీ బ్లాంషార్‌ను వేడిగాలి బెలూన్ల చరిత్రలో కలిపి రాసేయడం పరిపాటి అయింది. ఆమెకు పేరు తెచ్చిన బెలూన్లలో నిండి ఉన్నది వేడిగాలి కాదు, హైడ్రోజన్. చిన్న తేడాగా కనిపించే ఈ సంగతిని పక్కన పెడితే, ఆమె ఒంటరిగా అన్నిసార్లు ఎలా ఎగరగలిగిందో, 1819లో పారిస్ నడిబొడ్డున ఎందుకు చనిపోయిందో అర్థం కాదు.

1783లో ఫ్రాన్స్‌లో రెండు రకాల బెలూన్లూ కొద్ది నెలల తేడాతో పుట్టాయి. మాంట్‌గోల్ఫియర్ సోదరుల బెలూన్ గడ్డి మంట వేడితో లేచేది. గాలిలో నిలవాలంటే ఎవరో ఒకరు ఆ మంటను ఎగదోస్తూనే ఉండాలి. 1784 జూన్ 4న లియాన్‌లో స్వేచ్ఛగా ఎగిరిన బెలూన్ ఎక్కిన తొలి మహిళ ఎలిజబెత్ తీబ్ల్ చేసిన పనుల్లో ఆ పొయ్యి చూసుకోవడం కూడా ఒకటి. శాస్త్రవేత్త షార్ల్ రూపొందించిన హైడ్రోజన్ బెలూన్‌కు పొయ్యితో పని లేదు. అయితే ఇనుప రజనును పీపాల్లో పోసి, పలుచన చేసిన గంధకామ్లం కలిపి, పుట్టిన వాయువును గొట్టాల గుండా సంచీలోకి పంపడానికి గంటలకు గంటలు పట్టేది, ఖర్చూ బాగానే అయ్యేది.

ఆడవాళ్లు ఎగరడం మీద అభ్యంతరాలు అప్పటికింకా సద్దుమణగలేదు. 1798లో బెలూన్ యానికుడు ఆంద్రే-జాక్ గార్నెరన్ ఒక యువతిని వెంట తీసుకెళ్తానని ప్రకటించినప్పుడు, పైన గాలి ఒత్తిడి తగ్గితే ఆడవాళ్ల సున్నితమైన అవయవాలు తట్టుకోలేవనీ, స్త్రీపురుషులు అంత దగ్గరగా కూర్చోవడం మర్యాద కాదనీ పారిస్ పోలీసు అధికారులు అడ్డుపడ్డారు. వ్యవహారం మంత్రుల దాకా వెళ్లింది. ఆడా మగా కలిసి ఒకే బండి ఎక్కడంలో లేని తప్పు ఇందులో మాత్రం ఏముందని తేల్చి, వారు అనుమతి ఇచ్చారు.

సోఫీ 1778లో లా రోషెల్ దగ్గర పుట్టింది. ఆమె భర్త జాన్-పియర్ బ్లాంషార్ 1785లో ఇంగ్లిష్ ఛానల్‌ను బెలూన్‌లో దాటిన ఇద్దరిలో ఒకడు. పేరైతే వచ్చింది గానీ, లెక్క చూసుకోవడం తెలియక అతను అప్పుల్లో కూరుకుపోయాడు. ఆడమనిషి ఎగురుతుందంటే జనం టికెట్లు కొంటారన్న ఆశ కూడా కలిసి, 1804 డిసెంబరు 27న మార్సేలో సోఫీ తొలిసారి బెలూన్ ఎక్కింది. గుర్రపు బండి ఎక్కాలంటేనే బెదిరిపోయే మనిషని పేరున్న ఆమెకు పైకి వెళ్లాక మాత్రం భయం ఉండేది కాదట. 1809లో భర్త చనిపోయేసరికి అప్పులు ఆమె నెత్తిన పడ్డాయి.

అప్పు తీర్చడానికి ఆమె ఎంచుకున్న దారిలో లెక్కా ఉంది, నేర్పూ ఉంది. మనిషి పొట్టి, తేలిక. అందుకని బెలూన్ చిన్నదైనా చాలు, వాయువూ తక్కువ పడుతుంది. పొయ్యి లేదు కనుక పక్కన సహాయకుడు అక్కర్లేదు. కుర్చీకంటే పెద్దగా లేని వెండిరంగు తొట్టెలో ఒక్కతే నిలబడి ఎగిరేది. 1810 జూన్ 24న నెపోలియన్ పెళ్లి వేడుకల కోసం షాం-ద-మార్స్ మైదానం నుంచి లేచింది. 1812లో ట్యూరిన్‌లో ఎగిరినప్పుడు చలికి ముక్కు నుంచి రక్తం కారి, చేతుల మీదా ముఖం మీదా మంచు పేరుకుంది. నెపోలియన్ పోయి 18వ లూయీ గద్దెనెక్కినా ఆమె స్థానం చెక్కుచెదరలేదు.

కానీ జనానికి రోజూ కొత్తదనం కావాలి. రాత్రి యానాల్లో తొట్టె కింది నుంచి బాణసంచా కాల్చడం, చిన్న పారాచూట్లకు కట్టి మతాబులు జారవిడవడం ఆమె ప్రదర్శనకు ప్రాణమయ్యాయి. మంట తగిలితే భగ్గుమనే వాయువును నెత్తిమీద పెట్టుకుని కింద నిప్పు పెట్టడాన్ని తెగువ అనాలో, టికెట్ల వ్యాపారం చేసిన బలవంతం అనాలో చెప్పమంటే, నేను రెండోదాని వైపే మొగ్గుతాను.

1819 జూలై 6 రాత్రి పారిస్‌లోని టివోలీ ఉద్యానవనంలో గాలి గట్టిగా వీస్తోంది. తెల్లని దుస్తులు, ఉష్ట్రపక్షి ఈకల టోపీ ధరించి ఆమె లేచింది. బెలూన్ చెట్ల కొమ్మలను రాసుకుంటూ పైకి వెళ్లింది, బాణసంచా వెలిగింది, కాసేపటికి సంచీ పైభాగాన మంట కనిపించింది. అదీ ప్రదర్శనలో భాగమే అనుకుని కింద కొందరు చప్పట్లు కొట్టారు. వాయువు కాలిపోతున్న కొద్దీ బెలూన్ దిగుతూ వచ్చి ప్రోవాన్స్ వీధిలోని ఒక ఇంటి కప్పును తాకింది. తొట్టె ఒరిగి, ఆమె వీధిలో పడి చనిపోయింది. వయసు 41 ఏళ్లు.

ఆమె పిల్లల కోసమని ఆ రాత్రే అక్కడివారి దగ్గర చందాలు పోగుచేశారు. ఆమెకు పిల్లలే లేరని తర్వాత తెలిసింది. ఆ డబ్బుతో పేర్ లాషేజ్ శ్మశానంలో సమాధి కట్టించి, దాని మీద మంటల్లో ఉన్న బెలూన్‌ను చెక్కించారు.