టైమింగ్ బెల్టు తెగిందా? సెల్ఫ్ కొట్టకండి, ముందు ఇది చదవండి

నడుస్తున్న బండి ఉన్నట్టుండి ఆగిపోతుంది. సెల్ఫ్ కొడితే ఇంజన్ మామూలు కంటే తేలిగ్గా గిర్రున తిరుగుతుంది కానీ అందుకోదు. ఫోన్‌లో ఆ శబ్దం వినగానే మెకానిక్కులం మేం చెప్పే మొదటి మాట: తాళం తీసేయండి, మళ్ళీ కొట్టొద్దు. చాలామంది అప్పటికే ఇంకో నాలుగుసార్లు కొట్టి, గేర్‌లో వేసి తోయించి కూడా ఉంటారు. బెల్టు తెగిన క్షణంలో బతికిపోయిన వాల్వులు (సిలిండర్లోకి గాలిని రానిచ్చి, పొగను బయటికి పంపేవి) ఇదిగో ఇలాంటప్పుడే వంగుతాయి.

పిస్టన్లు తిప్పే క్రాంక్ రెండు చుట్లు తిరిగితే, వాల్వులను తెరిచే క్యామ్ ఒక చుట్టు తిరగాలి. ఆ లెక్క తప్పకుండా చూసేది టైమింగ్ బెల్టు. అది తెగగానే క్యామ్ ఎక్కడిదక్కడ ఆగిపోతుంది, కొన్ని వాల్వులు తెరుచుకునే ఉంటాయి, కింద నుంచి పిస్టన్లు మాత్రం ఇంకా పైకి వస్తూనే ఉంటాయి. డీజిల్ ఇంజన్లో పిస్టన్ పైకొచ్చేసరికి హెడ్‌కూ (సిలిండర్ల మీద మూతలా ఉండి వాల్వులను పట్టుకునే భాగం) దానికీ మధ్య సందు దాదాపు ఉండదు కాబట్టి గుద్దుకోవడం ఖాయం. కొన్ని పెట్రోల్ ఇంజన్లలో సందు ఉంటుంది, అవి దెబ్బ తగలకుండా బయటపడతాయి. మీది ఏ రకమో తెలిసేదాకా గుద్దుకునే రకమే అనుకోండి.

అపోహ: తెగేముందు కీచుమంటుంది, అప్పుడు మార్పిద్దాం

పొద్దున్నే కీచుమనేది ఆల్టర్నేటర్‌నీ ఏసీ కంప్రెసర్‌నీ తిప్పే బయటి బెల్టు. జారితే అది అరుస్తుంది. టైమింగ్ బెల్టుకు పళ్ళుంటాయి, దానికి ఆ అరుపు ఉండదు. కవర్ లోపల్నుంచి గుయ్‌మని వస్తుంటే బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్ బేరింగో వాటర్ పంప్ బేరింగో పోతోందని అర్థం, దాన్ని మాత్రం వాయిదా వేయొద్దు.

అపోహ: పగుళ్ళు లేవు, బండి పెద్దగా తిరగలేదు, ఇంకా నడుస్తుంది

ఇప్పటి బెల్టులు వేడిని తట్టుకునే రబ్బరుతో, లోపల గ్లాస్ ఫైబర్ దారాలతో వస్తాయి. పైకి నున్నగా ఉండగానే లోపల దారాలు చిట్లుతాయి, పళ్ళు మొదలంటా ఊడతాయి. అందుకే కిలోమీటర్లు, సంవత్సరాలు రెండూ చూడాలి, ఏది ముందొస్తే అదే గడువు. చాలా ఇంజన్లకు 60,000 నుంచి 1,00,000 కిలోమీటర్ల మధ్య ఉంటుంది, కచ్చితమైన అంకె మీ మాన్యువల్లోదే. క్రాంక్ ఆయిల్ సీలో, క్యామ్ ఆయిల్ సీలో కారి బెల్టు మీద ఆయిల్ పడితే ఇక గడువుతో పనిలేదు, సీల్‌తో పాటు బెల్టూ మార్చాల్సిందే.

అపోహ: తెగితే ఇంజన్ పోయినట్టే, ఇంకోటి ఎక్కించాలి

దీనికి ఎదురు మాట కూడా అంతే ఎక్కువగా వింటాం, "కొత్త బెల్టు వేసి చూద్దాం, స్టార్టయితే సరే" అని. ఇంజన్ తెరవకుండా, పరీక్ష చేయకుండా రెండిట్లో ఏదీ చెప్పకూడదు, చెప్పేవాళ్ళను నమ్మకూడదు కూడా.

ముందు పై కవర్ తీసి బెల్టు పూర్తిగా తెగిందా, పళ్ళే ఊడాయా, లేక పంప్ పట్టేసిందా, టెన్షనర్ విరిగిందా అన్నది చూడాలి. కారణం దొరక్కుండా కొత్తది వేస్తే దాని గతీ అంతే. తర్వాత నాలుగు సిలిండర్ల ఇంజన్ అయితే క్రాంక్‌ను చేత్తో మెల్లగా, అడ్డు తగిలితే అక్కడే ఆపేస్తూ, పిస్టన్లన్నీ సిలిండర్ మధ్యలో ఉండేలా తెచ్చుకుని అప్పుడు క్యామ్ తిప్పాలి. క్రాంక్, క్యామ్ గేర్ల మీది మార్కులు కలిపి బెల్టు వేశాక స్పానర్‌తో రెండు చుట్లు తిప్పి చూస్తాం. సెల్ఫ్ జోలికి పోం.

ఆ తర్వాత ఒక్కో సిలిండర్‌ను కంప్రెషన్ స్ట్రోక్‌లో (వాల్వులన్నీ మూసుకుని ఉండే చోట) పిస్టన్ పైకి తెచ్చి, ప్లగ్ రంధ్రం గుండా గాలి ఎక్కించి చెవి పెట్టి వినాలి. గాలి ఎయిర్ ఫిల్టర్ వైపు బుస్సుమంటే ఇన్‌టేక్ వాల్వ్ వంగింది, సైలెన్సర్ వైపు వస్తే ఎగ్జాస్ట్ వాల్వ్, ఆయిల్ మూత దగ్గర బాగా వస్తే పిస్టన్ రింగులు. అన్ని సిలిండర్లూ గాలి పట్టి నిలిస్తే హెడ్ విప్పక్కర్లేదు.

లీక్ ఉంటే హెడ్ దింపాల్సిందే. దింపాక పిస్టన్ నెత్తి మీద నెలవంకలా తళతళలాడే మచ్చ కనిపిస్తుంది, అది వాల్వ్ అంచు గుద్దిన గుర్తు. ఆ వాల్వును అద్దం మీద దొర్లించి చూడండి, వెంట్రుకవాసి వంపు ఉన్నా తల ఊగుతుంది. వాల్వులతో పాటు వాటి కాడలు జారే గైడ్లు చిట్లాయేమో చూడమని లేత్ షాపు వాళ్ళకు గట్టిగా చెప్పాలి, ఎక్కువమంది వదిలేసేది అక్కడే. డీజిల్ అయితే వాల్వులను నొక్కే రాకర్లు, క్యామ్, వీటితో పాటు డయల్ గేజ్‌తో నాలుగు పిస్టన్లూ ఒకే ఎత్తుకు వస్తున్నాయా అని కొలవాలి. ఒకటి తగ్గితే కనెక్టింగ్ రాడ్ వంగిందేమోనని అనుమానించాలి.

అపోహ: మార్కుల్లో ఒక్క పన్ను తేడా ఏం చేస్తుంది

క్యామ్ గేర్‌కు 40 పళ్ళు అనుకుంటే ఒక పన్ను అంటే క్యామ్ మీద 9 డిగ్రీలు, క్రాంక్ లెక్కలో 18. బండి స్టార్ట్ అవుతుంది, కానీ లాగదు, ఐడ్లింగ్ వణుకుతుంది, స్కానర్‌లో చాలాసార్లు క్రాంక్, క్యామ్ లెక్క కలవడం లేదని చెప్పే పీ0016 కోడ్ పడుతుంది. సెన్సార్ మార్చి డబ్బు తగలేసుకునేముందు మార్కులు చూడండి. క్రాంక్, క్యామ్ కదలకుండా పట్టే లాకింగ్ పిన్నులు వాడమని కంపెనీ చెప్పిన ఇంజన్‌కు పెయింట్ గీతలు సరిపోవు.

అపోహ: బిగుతుగా వేస్తే ఎక్కువ కాలం వస్తుంది

రాదు. టెన్షనర్, పంప్ బేరింగులు త్వరగా అరిగిపోతాయి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కంపెనీ చెప్పిన కొలతకే టెన్షన్ పెట్టాలి. బెల్టుతో పాటు టెన్షనర్, బెల్టుకు దారి చూపే ఐడ్లర్, ఆ బెల్టే తిప్పే వాటర్ పంప్ కూడా మార్పించండి. పాత పంప్ ఏడాదికి కారితే మళ్ళీ అంతా విప్పాలి, కూలీ రెండోసారి కట్టాలి.

బెల్టు బదులు టైమింగ్ చైన్ ఉన్న బండ్లవాళ్ళు ఆయిల్ టైముకు మార్పించండి, మురికి ఆయిల్‌తో చైనూ సాగుతుంది. సెకండ్ హ్యాండ్‌లో బెల్టు బండి కొన్నవాళ్ళు మార్పించిన బిల్లు అడగండి. బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క. మీరు మార్పించినప్పుడు తేదీ, కిలోమీటర్లు స్టిక్కర్ మీద రాయించి కవర్ మీద అంటించుకోండి, పాత సామాను అడిగి తీసుకోండి.