నల్గొండ రాయి, బోరు నీళ్లు: అపోహలు - వాస్తవాలు

బీఏ, బీకాం పిల్లలకు భూమి పాఠం మొదలుపెట్టే రోజు క్లాసుకు రెండు రాళ్లు తీసుకెళ్తాను. ఒకటి క్వారీలో పగిలిన గ్రానైట్ ముక్క, ఇంకొకటి బావి తవ్వకంలో తేలిన మొరం గడ్డ. రెండింటి మీదా చెంచాడు నీళ్లు పోయిస్తాను. గ్రానైట్ మీద నీళ్లు జారిపోతాయి. మొరం పీల్చేసుకుంటుంది. ఆ మొరం కూడా ఒకప్పుడు గ్రానైటే అంటే పిల్లలు నమ్మరు. నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు బోర్ల కథంతా ఆ తేడాలోనే ఉంది.

అపోహ: భూమి లోపల నదులు పారుతుంటాయి, బోరు ఆ పాయకు తగలాలి.

సున్నపురాయిలో అయితే గుహలు, వాటిలో ప్రవాహాలు ఉంటాయి. మన కింద ఎక్కువగా ఉన్నది 250 కోట్ల ఏళ్లు దాటిన గ్రానైట్, దానిలాగే గట్టిగా ఉండి చారలు కనిపించే నైస్ రాళ్లు. వాటిలో నీళ్లు నిలిచేది పైనున్న మొరంలో, దాని కింది పగుళ్లలో. ‘జల పడ్డది’ అంటే బోరు ఒక పగులును తాకిందని అర్థం. అందులో ఉన్నది మన చెల్కల్లో, చెరువుల్లో ఇంకిన వాన నీరే.

అపోహ: ఎంత లోతుకు పోతే అన్ని నీళ్లు.

దీన్ని నమ్మి బోరు మీద బోరు వేసి అప్పులపాలైన ఇళ్ల పిల్లలు నా క్లాసులో ప్రతి ఏడాదీ ఉంటారు. లోతుకు పోయేకొద్దీ పగుళ్లు తగ్గుతాయి, ఉన్నవీ సన్నబడతాయి. నీళ్లిచ్చే పగుళ్లు ఎక్కువగా 300 అడుగుల లోపే దొరుకుతాయి. ఇంకా కిందికి పోతే అరుదుగా పడొచ్చు, కానీ అక్కడికి వాన నీరు చేరడం చాలా నెమ్మది. తోడినంత వేగంగా నిండదు.

అపోహ: ఫ్లోరైడ్ ఎరువుల వల్ల వచ్చింది, నీళ్లు మరిగిస్తే పోతుంది.

మన దగ్గర ఇది ముఖ్యంగా రాతిలోంచే వస్తుంది. గ్రానైట్‌లో నల్లగా మెరిసే అభ్రకంలో, అపటైట్, ఫ్లోరైట్ ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంటుంది. నీళ్లు రాతిలో ఎక్కువకాలం నానితే అది కరుగుతుంది. నీటిలో కాల్షియం తక్కువైతే ఇంకా ఎక్కువ కరుగుతుంది. అందుకే లోతు బోరు నీళ్లు శుభ్రమని అనుకోవద్దు. రంగు, రుచి చూసి పట్టుకోలేం, పరీక్ష చేయించాల్సిందే. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిది, వేరే నీళ్లు లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. లీటరుకు 2 మిల్లీగ్రాములున్న 10 లీటర్లను మరిగించి 8 లీటర్లు చేస్తే అది 2.5 అవుతుంది. ఆవిరయ్యేది నీళ్లే, ఫ్లోరైడ్ కాదు. పటిక, సున్నం కలిపి దాన్ని అడుగుకు దించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించింది. దాని పేరే నల్గొండ టెక్నిక్. మన ఊరి పేరు ప్రపంచానికి ఇలా తెలియడం నాకు ఇప్పటికీ బాధే.

అపోహ: అరచేతిలో పెట్టుకుని నడిస్తే కొబ్బరికాయ నిలబడ్డచోట నీళ్లుంటాయి.

మొరం మందంగా ఉన్నచోట, మంచి వానల ఏడాది, చేతిలో కాయ పట్టుకోకపోయినా చాలాసార్లు నీళ్లు పడతాయి.

అపోహ: గుట్టల మీది గుండ్లు ఎక్కడినుంచో వచ్చి పడ్డాయి.

అవి అక్కడివే. రాయి పగుళ్ల వెంట నీరు దిగి అంచులను మొరం చేసింది, మధ్య భాగం గుండ్రంగా మిగిలింది. మొరం కొట్టుకుపోయాక గుండ్లు బయటపడ్డాయి. మన చెల్కల కింద మొరంలో అలాంటివి ఇప్పటికీ ఉన్నాయి. బోరు వేసేటప్పుడు 30 అడుగుల్లో గట్టి రాయి తగలగానే కేసింగ్ (మొరం కూలకుండా బోరులో దించే పైపు) ఆపించకండి. అది గుండు కావచ్చు, దాని కింద మళ్లీ మొరం ఉండొచ్చు. ఇంకో పది, పదిహేను అడుగులు పోయాక కూడా దుమ్ములో గట్టి రాతి పొడే వస్తోందా అని చేత్తో నలిపి చూడండి.