డిలీట్ కొట్టినా డిస్క్ ఎందుకు తగ్గదు? డేటాబేస్‌లో లాగ్స్: అపోహలు - వాస్తవాలు

"పాత లాగ్స్ కోట్ల రోలు డిలీట్ చేశామండీ, డిస్క్ మాత్రం అంగుళం కదల్లేదు." కంపెనీలు మారినా నాకు వచ్చే ఫోన్లలో మాట ఇదే. (లాగ్స్ అంటే ప్రోగ్రామ్ తాను చేసిన పనుల గురించి రాసుకునే నమోదులు, రో అంటే టేబుల్లో ఒక వరస.) అందుకే ముందు దీని సంగతే.

అపోహ: డిలీట్ చేస్తే జాగా తిరిగొస్తుంది.

రాదు. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో డిలీట్ అంటే ఆ రో ఇక చెల్లదని గుర్తు పెట్టడమే, రో ఫైల్లో అక్కడే ఉంటుంది. తర్వాత వాక్యూమ్ అనే శుభ్రం చేసే పని నడిచి ఆ జాగాను కొత్త రోలకు వాడుకోనిస్తుంది గానీ, ఫైల్ చివర్లో ఖాళీ అయిన పేజీలు తప్ప ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఏమీ తిరిగివ్వదు. పైగా ప్రతి డిలీటూ వాల్‌లో (మార్పులన్నీ ముందుగా రాసుకునే ఫైళ్లలో) నమోదవుతుంది కాబట్టి, డిస్క్ నిండే వేళ పెద్ద డిలీట్ మొదలుపెడితే వాడకం ఇంకా పెరుగుతుంది!

ఒకచోట ఆన్‌కాల్‌లో ఉన్న కుర్రాడు, ఎవరో చెప్పారని వాక్యూమ్ ఫుల్ కొట్టబోతుంటే ఫోన్‌లోనే ఆపాను. అది టేబుల్‌ను కొత్త ఫైల్లోకి తిరగరాస్తుంది, దానికి ఖాళీ కావాలి, అసలు లేనిదే ఆ ఖాళీ. నడిచినంతసేపూ టేబుల్‌ని చదవడానికి కూడా వీలుండదు. పాపం, అతని గొంతు వణుకుతోంది. తప్పు అతనిది కానే కాదు, టేబుల్ డిజైన్ చేసిన రోజే ఇది తేలాల్సింది. ఆ రాత్రికి డిస్క్ సైజు పెంచి గట్టెక్కాం. తర్వాత రోజుకో పార్టిషన్ (టేబుల్లో విడి ముక్క) ఉండేలా కొత్త టేబుల్ పెట్టి, రాతలన్నీ అటు మళ్లించి, లాగ్స్ గడువు తీరాక పాత టేబుల్‌నే డ్రాప్ చేశాం.

దారి అదే. 2017లో వచ్చిన 10వ వెర్షన్ నుంచి పోస్ట్‌గ్రెస్‌లో పార్టిషనింగ్ నేరుగా ఉంది. గడువు తీరిన పార్టిషన్‌ని డ్రాప్ చేస్తే ఫైలే పోతుంది, జాగా వెంటనే వస్తుంది, వాక్యూమ్‌తో పనే లేదు. ఒక్క జాగ్రత్త: రేపటి పార్టిషన్ ఇవాళే సృష్టించే జాబ్ పెట్టుకోండి. ఏ ముక్కకూ చెందని రోలు పడే డిఫాల్ట్ పార్టిషన్ లేకపోతే అర్ధరాత్రి దాటగానే ఇన్సర్ట్‌లు ఎర్రర్ కొడతాయి.

అపోహ: రిలేషనల్ డేటాబేస్‌లో లాగ్స్ అసలు పెట్టకూడదు.

ఈ పుకారు నమ్మి చిన్న టీములు కూడా నడపలేని క్లస్టర్లు (కలిసి పనిచేసే సర్వర్ల గుంపులు) నెత్తికెత్తుకుంటున్నాయి. సెకనుకు 1,000 రోలంటే రోజుకు 8.64 కోట్లు. వినడానికి భయంగానే ఉంటుంది, కానీ ఒక్కో రోకీ ఒక్కో కమిట్ (మార్పును ఖాయం చేయడం) కాకుండా బ్యాచ్‌గా, ఒకేసారి చాలా రోలు ఎక్కించే కాపీ కమాండ్‌తో పంపితే మామూలు సర్వరే మోస్తుంది. నెలల తరబడి లాగ్స్ మీద లెక్కలు తీయాలంటే మాత్రం అలాంటి లెక్కల కోసమే చేసిన క్లిక్‌హౌస్ లాంటి డేటాబేస్‌లు చూడండి. ఆర్డర్లు, పేమెంట్లు ఉన్న డేటాబేస్‌లో మాత్రం లాగ్స్ కలపొద్దు, బ్యాకప్‌లు ఉబ్బిపోతాయి.

అపోహ: ఇండెక్స్‌లు (వెతుకులాటను వేగం చేసే సూచికలు) ఎక్కువుంటే మంచిది.

ప్రతి ఇండెక్సూ ప్రతి ఇన్సర్ట్‌నీ నెమ్మది చేస్తుంది. లాగ్స్ టైమ్ వరసలోనే వస్తాయి కాబట్టి టైమ్ కాలమ్‌కు చాలాసార్లు బ్రిన్ ఇండెక్స్ (ఒక్కో రోకి కాక, పేజీల గుంపుకి కనిష్ఠ, గరిష్ఠ విలువలే దాచేది) చాలు, సైజూ చాలా తక్కువ.

అపోహ: లాగ్‌ని కూడా అదే ట్రాన్సాక్షన్‌లో (అన్నీ జరగాలి, లేదా ఏదీ జరగకూడదు అనే పనుల కట్టలో) రాస్తే భద్రం.

పేమెంట్ ఫెయిలై రోల్‌బ్యాక్ అయితే (మార్పులన్నీ వెనక్కి పోతే), ఎందుకు ఫెయిలైందో చెప్పే లాగ్ కూడా దాంతోపాటే పోతుంది. లాగ్స్‌కు వేరే కనెక్షన్ వాడండి.