రాయికి ముక్కు పెట్టి చూడండి

పిల్లలూ,

మీ ఉత్తరం అందింది. గాజు తొట్టె వచ్చేసింది, పంపు తిరుగుతోంది, ఉప్పునీళ్లు కూడా కలిపేశాం, ఇక చేపలెప్పుడు వేయాలి తాతయ్యా అని అడిగారు. చేపల సంగతి ఇంకో రెండు నెలలు మర్చిపోండి. కోపం తెచ్చుకోకండి. ముందు రాయి రావాలి, వచ్చిన రాయి కుదుటపడాలి. ఈ ఉత్తరమంతా ఆ రాయి గురించే.

దాన్ని లైవ్ రాక్ అంటారు. రాయికి ప్రాణమేంటని నవ్వుతారేమో, నిజమే, రాయికి ప్రాణం లేదు. చచ్చిపోయిన పగడాలు వదిలి వెళ్లిన సున్నపు గూళ్లు గట్టిపడితే అయిన రాయి అది. రసాయన శాస్త్రంలో కాల్షియం కార్బొనేట్ అని చదువుకునే పదార్థమే. ప్రాణమంతా దాని మీదా లోపలా కాపురముండే వాళ్లది. కంటికి కనిపించని బ్యాక్టీరియా, స్పాంజీలు, పురుగులు, ఆవగింజంత రొయ్యల్లాంటి జీవులు, ఎవరో గులాబీ రంగు పూసినట్టు రాయిని అంటిపెట్టుకుని పెరిగే ఒక రకం నాచు. ఒక ముక్కను పగలగొట్టి చూస్తే లోపలంతా తేనెపట్టులా బొరియలే.

ఆ బొరియల్లోనే ఉంది అసలు కథ. చేప వదిలే వ్యర్థం చాలావరకు అమ్మోనియాగా, అదీ మొప్పల్లోంచే బయటికి వస్తుంది. సముద్రంలో అయితే అది క్షణంలో కొట్టుకుపోతుంది. మీ తొట్టెలో ఎక్కడికి పోతుంది? రాయి పైపొరల్లో, ఆక్సిజన్ బాగా అందే చోట ఉండే బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. అమ్మోనియా అయితే పచ్చి విషం. నైట్రైట్ కూడా మంచిది కాదు. నైట్రేట్ కొంత నయం. ఇక రాయి లోలోపల ఆక్సిజన్ సరిగ్గా అందని చోట మరో రకం బ్యాక్టీరియా కూర్చుని ఉంటుంది. అది ఆ నైట్రేట్‌లోని ఆక్సిజన్‌నే వాడేసుకుని, మిగిలిన నైట్రోజన్‌ను వాయువుగా వదిలేస్తుంది. మనం పీల్చే గాలిలో 78 శాతం ఉండేది అదే వాయువు. చేప వదిలిన విషం చివరికి గాలిలో కలిసిపోయిందన్నమాట. ఏటి ఒడ్డున దొరికే నున్నటి గుండ్రాయికి ఈ పని చేతకాదు.

ఇది ఎప్పుడో పాతకాలంలోనే తెలిసిన సంగతి కూడా కాదు. ఇండోనేషియాలో లీ చిన్ ఎంగ్ అనే ఆయన సముద్రం నుంచి తెచ్చిన ఇలాంటి రాళ్లు, కాసిని గాలి బుడగలు తప్ప ఏ ఫిల్టరూ లేకుండా సముద్రపు చేపల్ని పెంచి, 1961లో ఆ పద్ధతిని ఒక అమెరికన్ పత్రికలో రాశారు. తర్వాత బెర్లిన్‌లోని చేపల పెంపకందార్లు ఆ రాళ్లకు, నీళ్లలోని మురికిని నురగలా తేల్చి తీసేసే స్కిమ్మర్‌నీ గట్టి వెలుతురునీ జోడించారు. దాన్నే ఇప్పటికీ బెర్లిన్ పద్ధతి అంటున్నారు.

మరి తెచ్చిన రాయిని తెచ్చినట్టే తొట్టెలో పెట్టేస్తే ఏమవుతుంది? ఏమవుతుందో నేను చేసి చూశాను. నా మొదటి తొట్టెలో అప్పటికే రెండు క్లౌన్ చేపలు ఉన్నాయి. తడి కాగితాల్లో చుట్టిన రాళ్లు పెట్టెలో వచ్చాయి, పైన ఊదా రంగు మెరుస్తోంది. ఆ సాయంత్రమే అన్నీ ముచ్చటగా పేర్చి, లైటు వేసుకుని కూర్చున్నాను. మర్నాటికి నీళ్లు పాలు కలిపినట్టయ్యాయి. మూడో రోజు పొద్దున గదిలోకి వెళ్తే కుళ్లిన గుడ్ల కంపు. చేపలు రెండూ పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. మధ్యాహ్నానికి పోయాయి. రాయి తప్పేం లేదు, అమ్మినాయన తప్పూ లేదు, "ముందు క్యూరింగ్ చేసుకోండి" అని ఆయన చెప్పనే చెప్పాడు. నాకే ఆగలేని ఆత్రం.

జరిగిందేమిటంటే, రాయి ప్రయాణంలో ఒకటి రెండు రోజులు నీళ్లు లేకుండా ఉంటుంది. స్పాంజీ లాంటి వాటికి గాలి తగిలితేనే పడదు. దారిలో చచ్చినవన్నీ తొట్టెలోకి వచ్చాక కుళ్లడం మొదలుపెడతాయి, అమ్మోనియా ఒక్కసారిగా పెరుగుతుంది. దానికి తోడు సముద్రపు నీటి పీహెచ్ 8.2 దగ్గర ఉంటుంది. మంచినీటి తొట్టె కంటే ఆ నీళ్లలో అమ్మోనియా ఎక్కువ భాగం విషపు రూపంలోనే ఉంటుంది. ఈ కుళ్లుడంతా వేరే టబ్బులో జరిగిపోనిచ్చి, శుభ్రపడిన రాయినే తొట్టెలోకి తేవడాన్ని క్యూరింగ్ అంటారు.

ఎంచుకునేటప్పుడు కంటి కంటే ముక్కును నమ్మండి. రాయిని చేతిలోకి తీసుకుని, దగ్గరగా పెట్టుకుని వాసన చూడండి. కుదుటపడిన రాయి సముద్రపు గాలి వాసన వేస్తుంది. కుళ్లు వాసన వస్తే అది ఇంకా క్యూర్ కాని రాయి. కొనొద్దని కాదు, పని మిగిలి ఉందని అర్థం. ఆ తర్వాత బరువు చూడండి. సైజుకు తగ్గ బరువు లేకుండా తేలిగ్గా అనిపించిందా, లోపల బొరియలు బాగా ఉన్నట్టు. ఇటుకలా దిట్టంగా ఉన్నది వద్దు. కొమ్మలూ గుహలూ ఉన్న ముక్కలైతే నీళ్లు వాటి మధ్యగా పారతాయి, చేపలకు దాక్కునే చోటు దొరుకుతుంది. పైరంగు చూసి మాత్రం మోసపోకండి. రంగు పోయినా నెలల్లో మళ్లీ వస్తుంది, బొరియలు లేని రాయికి బొరియలు రావు.

ఎంత కావాలంటే, నాలుగు లీటర్ల నీటికి అర కిలో అని పాత లెక్క. రాయి తేలికైనదైతే అంతకంటే తక్కువ చాలు. తొట్టె నిండా గోడ కట్టినట్టు పేర్చేవాళ్లను చూస్తే నాకు చేపల మీద జాలేస్తుంది.

ఇంకో ప్రశ్న కూడా అడగండి: ఈ రాయి ఎక్కడిది? పగడపు దిబ్బను పెకలించి తెచ్చిన రాయి అంటే ఎవరి ఇల్లో కూల్చి తెచ్చినట్టే. ఫ్లోరిడా తీరంలో అలా పెకలించడం 1997 నాటికే ఆగిపోయింది. ఇప్పుడక్కడ నేల మీద తవ్విన సున్నపురాయిని సముద్రంలో లీజుకు తీసుకున్న చోట వేసి, జీవులు వాటంతటవే చేరాక పైకి తీస్తారు. రాతి పగడాలు సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందంలోని రెండో అనుబంధంలో ఉన్నాయి, అనుమతి పత్రం లేకుండా దేశాల మధ్య రవాణా చేయకూడదు. మీరున్న చోట చట్టం ఏమంటుందో కనుక్కున్నాకే కొనండి. నా మాట వింటే ఎక్కువ భాగం పొడిరాయి, అంటే జీవులేవీ లేని ఎండు రాయి, తీసుకుని, చట్టబద్ధంగా పెంచిన లైవ్ రాక్ ముక్క ఒక్కటి జతచేయండి. ఆ ఒక్క ముక్క మీది బ్యాక్టీరియా మెల్లగా మిగతా వాటికి పాకుతుంది. ఆలస్యమవుతుంది, కానీ ఏ దిబ్బా కూలదు.

ఇక టబ్బు సంగతి. ప్లాస్టిక్ టబ్బులో ఉప్పునీళ్లు, ఒక హీటర్, గట్టిగా నీళ్లు తిప్పే పంపు ఉంటే చాలు. ఉప్పునీళ్ల సాంద్రత మంచినీళ్లతో పోలిస్తే 1.025 రెట్లు, వేడి 25, 26 డిగ్రీలు. లైటు వద్దు, వెలుతురుంటే పాకుడు పట్టేస్తుంది. నీటి మట్టం దగ్గర టబ్బుకు పెన్నుతో గీత గీయండి. మట్టం తగ్గినప్పుడల్లా గీత దాకా మంచినీళ్లే పోయండి, ఎందుకంటే ఆవిరైపోయేది నీరే, ఉప్పు కాదు. క్లోరిన్ ఉన్న కుళాయి నీళ్లు మాత్రం వాడొద్దు.

రాళ్లు రాగానే ఇంకో బకెట్‌లో ఉప్పునీళ్లు తీసుకుని, అందులో ముంచి పాత టూత్ బ్రష్‌తో రుద్దండి. అక్కడ నిదానంగా చూడండి. బతికున్న స్పాంజీ వేలితో నొక్కితే గట్టిగా, రాయికి అతుక్కుని ఉంటుంది. చచ్చినది బూడిద రంగుకు తిరిగి, మీద తెల్లటి బూజులాంటి పొరతో, బ్రష్ తగలగానే జిగురుగా ఊడొస్తుంది. ఊడేదంతా తీసేయండి, గట్టిగా ఉన్నదాన్ని వదిలేయండి. మొదటి బకెట్ నీళ్లు చూస్తే మీకే అర్థమవుతుంది, ఇదంతా తొట్టెలోకి వెళ్లుంటే ఏమయ్యేదో. ఆ తర్వాత వారానికోసారి సగం నీళ్లు మార్చండి, అడుగున చేరిన మడ్డిని పైపుతో లాగేయండి. మొదటి వారం వాసన భరించడం కష్టం, ఇంట్లో వాళ్లకు ముందే చెప్పి ఉంచండి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. పురుగులు పోవాలని ఎవరు చెప్పినా సరే, రాయిని మరిగించొద్దు, వేడినీళ్లు పోయొద్దు. కొన్ని రాళ్ల మీద చొక్కా గుండీల్లా గుంపులుగా ఉండే జీవులుంటాయి. వాటిలో కొన్నింటిలో పాలిటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది. మరిగిస్తే ఆవిరితో పాటు ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. ఇలా చేసి ఆసుపత్రి పాలైనవాళ్లున్నారు. చేతికి గ్లవ్స్ లేకుండా, పెద్దవాళ్లు పక్కన లేకుండా రాయి ముట్టుకోవద్దు.

గ్లవ్స్‌కు ఇంకో కారణం కూడా ఉంది. టార్చికి ఎర్ర కాగితం చుట్టుకుని రాత్రి పూట టబ్బులోకి చూడండి. ఎర్ర వెలుతురు చాలా జీవులకు సరిగ్గా కనపడదు, కాబట్టి పారిపోవు. బొరియలోంచి జెర్రిలాంటిది నెమ్మదిగా బయటికి సాగుతుంది, రెండు వైపులా తెల్లటి నూగు. బ్రిసిల్ వర్మ్ అంటారు. ఆ నూగు గుచ్చుకుంటే గొంగళిపురుగు తగిలినట్టు మంట. చూసి భయపడి చంపేస్తారు చాలామంది, నేనూ మొదట్లో చంపాను. నిజానికి రాత్రంతా చెత్త తిని ఊడ్చిపెట్టే మంచి పనిమంతురాలు అది. టిక్ టిక్ మని శబ్దం వినిపిస్తే మాత్రం జాగ్రత్త. కొన్ని రొయ్యలు ఊరికే చిటికెలు వేస్తాయి, వాటితో బాధ లేదు. మాంటిస్ ష్రింప్ అయితే నత్త గుల్లల్ని గుద్ది పగలగొడుతుంది, చేపల్నీ వదలదు. అనుమానం ఉన్న రాయిని వేరే బకెట్‌లోకి మార్చండి.

అమ్మోనియా పరీక్ష రెండు రోజులకోసారి చేయండి. మొదట పెరుగుతుంది, తర్వాత తగ్గుతుంది, అది తగ్గుతుంటే నైట్రైట్ పెరుగుతుంది, అదీ తగ్గుతుంది. ఇందుకు మూడు వారాలు పట్టవచ్చు, ఆరూ పట్టవచ్చు. రెండూ సున్నాకు వచ్చి వారం రోజులు సున్నా దగ్గరే నిలబడితే, రాయి వాసన కూడా మారిపోయి ఉంటే, అప్పుడు తొట్టెలోకి తీసుకెళ్లండి. ముందు రాళ్లు గాజు మీద కదలకుండా కూర్చోవాలి, ఇసుక ఆ తర్వాత. ఇసుక మీద రాయి పెడితే కింద తవ్వే చేప ఏదో ఒక రోజు దాన్ని తన మీదే పడేసుకుంటుంది. తర్వాతెప్పుడైనా చేపకు జబ్బు చేస్తే రాగి కలిసిన మందును ఆ తొట్టెలో వేయకండి. రాయి రాగిని పీల్చుకుని ఉంచుకుంటుంది, అందులోని పురుగులూ రొయ్యలూ చస్తాయి. జబ్బు చేపను వేరే తొట్టెలో పెట్టి మందు వేయండి.

ఒక నోటు పుస్తకంలో తేదీ, అమ్మోనియా, నైట్రైట్, వాసన అని నాలుగు గడులు గీసుకోండి. వాసన గడిలో మొహమాటం లేకుండా ఉన్నది ఉన్నట్టు రాయండి. ఈసారి ఉత్తరంతో పాటు ఆ పేజీ కూడా పంపండి, చేపల గురించి అప్పుడు మాట్లాడుకుందాం.

మీ తాతయ్య