సీలు విప్పని కేబులు: ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌పై అపోహలు, వాస్తవాలు

పాలకొల్లు దగ్గర నాకో షెడ్డు ఉంది. 18 ఏళ్లుగా కార్లు బాగుచేస్తున్నాను. మొదట్లో అన్నీ డీజిల్ బళ్లే, ఈమధ్య హైబ్రిడ్‌లూ, అంటే పెట్రోల్ ఇంజిన్‌తో పాటు బ్యాటరీ, కరెంటు మోటారు ఉన్నవీ వస్తున్నాయి. సంక్రాంతికి వారం ముందు నుంచి హైదరాబాద్, బెంగళూరు నంబర్ల కార్లు షెడ్డు ముందు వరస కడతాయి. ఒకప్పుడు "పికప్ ఇంకొంచెం పెంచొచ్చాండీ?" అని అడిగిన కుర్రాళ్లే ఇప్పుడు పిల్లల్ని ఎత్తుకుని వస్తున్నారు. "స్పీడు బండి అమ్మేసి ప్లగ్-ఇన్ హైబ్రిడ్ తీసుకుందామనుకుంటున్నా, ఏమంటారు?" అంటున్నారు.

ఆ మాట నేనూ అనుకున్నవాణ్నే. 245 హార్స్‌పవర్ సెడాన్ ఐదేళ్లు నడిపాను. అది నేలకు ఎంత కిందకి ఉండేదంటే, మా అమ్మ దిగాలంటే రెండు చేతులూ పట్టుకుని లేపాల్సిందే. ఇప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్న ఏడు సీట్ల ప్లగ్-ఇన్ నడుపుతున్నాను. కాబట్టి కింద రాసిందాంట్లో సగం షెడ్డులో చూసింది, సగం నా సొంత బండితో అనుభవించింది.

అపోహ: బండి వెనక 'హైబ్రిడ్' అని రాసి ఉంటే చాలు, ఇంట్లో చార్జింగ్ పెట్టుకోవచ్చు.

పెట్టుకోలేరు. ఇన్నోవా హైక్రాస్, హైరైడర్, గ్రాండ్ విటారా, హోండా సిటీల్లో వచ్చే హైబ్రిడ్‌కి అసలు చార్జింగ్ సాకెట్టే ఉండదు. హైరైడర్ హైబ్రిడ్ బ్యాటరీలో ఒక యూనిట్ కరెంటు కూడా పట్టదు. బ్రేకు వేసినప్పుడు వచ్చేదాన్నీ, ఇంజిన్ ఇచ్చేదాన్నీ దాచుకుని వాడుకుంటుంది, అంతే. మైలేజీకి అవి మంచి బళ్లే. ప్లగ్-ఇన్ అంటే వేరు. బ్యాటరీలో సుమారు 10 నుంచి 20 యూనిట్లు పడతాయి, గోడకి పెట్టి నింపాలి, నింపితే 40, 50 కిలోమీటర్లు పెట్రోల్ చుక్క లేకుండా తిరుగుతుంది. నా చేతికొచ్చిన ప్లగ్-ఇన్‌లన్నీ ఖరీదైన బళ్లే, వోల్వో ఎక్స్‌సీ90 టీ8 లాంటివి. అందుకే మా వైపు వీటి బేరం ఎక్కువగా సెకండ్‌హ్యాండ్‌లోనే సాగుతుంది.

మీ బండి పెట్టే చోట మీ సొంత సాకెట్ లేదా? అయితే హైక్రాస్ లాంటిది తీసుకోండి. ఇక్కడితో చదవడం ఆపేసినా నష్టం లేదు.

అపోహ: చార్జింగ్ పెట్టకపోయినా పెట్రోల్ ఉందిగా, మైలేజీ ఎలాగూ వస్తుంది.

నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించే మాట ఇదే. భీమవరం నుంచి ఒక రొయ్యల రైతు గారు బండి తెచ్చారు. "కంపెనీ చెప్పినదాంట్లో సగం మైలేజీ కూడా రావట్లేదండీ, మోసం" అన్నారు. డిక్కీ తెరిచి నేల మూత ఎత్తాను. చార్జింగ్ కేబులు సంచిలో ఉంది, ప్లాస్టిక్ సీలు కూడా విప్పలేదు. బండి కొని ఏడాదిన్నర. "అదేంటండీ?" అని ఆయనే నన్నడిగారు.

బ్యాటరీ, మోటారు, వాటి సరంజామా కలిపి ఇలాంటి బండి మామూలు పెట్రోల్ బండి కంటే సుమారు 200 నుంచి 300 కిలోలు ఎక్కువ తూగుతుంది. మన లెక్కలో 75 కిలోల ధాన్యం బస్తాలు మూడు, ఒక్కోసారి నాలుగు. చార్జింగ్ పెట్టకుండా తిప్పడమంటే ఆ బస్తాల్ని డిక్కీలో వేసుకుని ఏడాది పొడుగునా ఊరేగించడమే. ఇది మన రైతు గారి ఒక్కరి సంగతీ కాదు. యూరప్‌లో 2021లో రోడ్డెక్కిన కార్లలోని మీటర్ల నుంచి నేరుగా లెక్క తీసి, యూరోపియన్ కమిషన్ 2024లో ఒక నివేదిక ఇచ్చింది. ప్లగ్-ఇన్‌లు రోడ్డు మీద వదిలే కార్బన్ డయాక్సైడ్, ల్యాబ్‌లో చూపించినదానికి సగటున 3.5 రెట్లు ఉందని తేలింది. జనం అనుకున్నంతగా చార్జింగ్ పెట్టకపోవడం అందులో పెద్ద కారణం.

పెడితే ఏమవుతుందో నా బండి లెక్క చెబుతాను. గోడ దగ్గర 12 యూనిట్లు కాలితే ఊళ్లో 50 కిలోమీటర్ల దాకా తిరుగుతున్నాను. మన ఆంధ్రాలో ఇంటి మీటరు నెలకి 400 యూనిట్లు దాటితే పైన ప్రతి యూనిట్‌కీ 9.75 రూపాయలు. రోజూ 12 యూనిట్లంటే నెలకి 360, ఏసీ ఉన్న ఇంట్లో పై శ్లాబులోకి వెళ్లడం ఖాయం. కాబట్టి పై రేటే వేసుకుందాం: 117 రూపాయలు. అదే 50 కిలోమీటర్లు పెట్రోల్ మీద తిప్పితే లీటరుకి 11, 12 వస్తుంది, లీటరు 110 దగ్గర్లో ఉందనుకుంటే 450 దాటుతుంది. యానాంలో పెట్రోల్ మనకంటే చవక కాబట్టి అటువైపు వాళ్లకి తేడా కొంచెం తగ్గుతుంది. అయినా తేడా తేడాయే.

ఇక సాకెట్ సంగతి. 16 ఆంపియర్ల సాకెట్, దానికి విడిగా లాగిన వైరు, సరైన ఎర్తింగ్, ఈ మూడూ కావాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టి రాత్రంతా వదిలేస్తే పొద్దున్నకి ప్లగ్గు కరిగిపోయి ఉంటుంది. అలా కరిగినవి రెండు నా షెడ్డు గోడకి వేలాడదీశాను, వచ్చినవాళ్లకి చూపించడానికి. చెరువులున్న ఊళ్లలో ఇంకో తంటా ఉంది. రాత్రి రొయ్యల చెరువుల నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లన్నీ ఒకేసారి తిరుగుతుంటే వోల్టేజీ పడిపోతుంది, చార్జర్ మధ్యలో ఆగిపోతుంది. అది బండి జబ్బు కాదు. చార్జింగ్ టైము మధ్యాహ్నానికి మార్చుకుంటే సరిపోతుంది.

అపోహ: ఫ్యామిలీ ప్లగ్-ఇన్ ఎక్కితే స్పీడు మర్చిపోవాలి.

స్పీడు బండి నడిపినవాళ్ల అసలు టెన్షన్ ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. పవర్ కరువేమీ ఉండదు. మెర్సిడెస్ వాళ్లు ఏఎంజీ సీ63 అనే స్పీడు కారులో వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజిన్ తీసేసి నాలుగు సిలిండర్లది పెట్టి, మోటారు జోడించి, రెండూ కలిపి 680 హార్స్‌పవర్ ఇచ్చారు. అది కరెంటు మీద ఒట్టిగా తిరిగేది 13 కిలోమీటర్లే. అంటే ప్లగ్-ఇన్ అన్నదల్లా పొదుపు కోసమే అనుకోకూడదు.

పోయేది ఇంకొకటుంది, దాని పేరు బరువు. స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ విదేశాల్లో పెట్రోల్‌లోనూ వచ్చింది, ప్లగ్-ఇన్‌లోనూ వచ్చింది. రెండింటికీ 245 హార్స్‌పవరే. సున్నా నుంచి వందకి పెట్రోల్‌ది సుమారు 6.7 సెకన్లు, ప్లగ్-ఇన్‌ది 7.3. డిక్కీ 600 లీటర్ల నుంచి 450కి తగ్గింది. బీఎండబ్ల్యూ ఎం5 పాత తరంలో 'కాంపిటీషన్' అనే మోడల్ 625 హార్స్‌పవర్‌తో 3.3 సెకన్లలో వంద అందుకునేది. ఇప్పుడొచ్చే ప్లగ్-ఇన్ ఎం5కి 727 హార్స్‌పవర్ ఉన్నా 3.5 పడుతుంది, ఎందుకంటే బండి బరువు 2,435 కిలోలు.

మా రోడ్ల మీద నాకు తెలిసిందేమిటంటే, సిగ్నల్ దగ్గర్నుంచి 60 దాకా ప్లగ్-ఇన్ నా పాత సెడాన్ కంటే హాయిగా ఉంటుంది. గేరు కోసం, టర్బో కోసం ఎదురుచూపు లేదు, కాలు పెట్టగానే లాగుతుంది. కాలవ గట్టు మీద వరస మలుపుల్లో మాత్రం పాత బండే గుర్తొస్తుంది. ఆ బండిలో స్టీరింగ్ తిప్పితే ముక్కు వెంటనే తిరిగేది. ఇందులో ముందు బరువు ఒక పక్కకి వాలి, ఆ తర్వాత మలుపు తీసుకుంటుంది. మా ఆవిడకీ పిల్లలకీ ఈ తేడా తెలియదు. వెనక సీట్లో వాంతులు తగ్గాయని మాత్రం తెలుసు.

ఇంకో మాట. బ్రోచర్లో రాసిన మొత్తం పవర్ బ్యాటరీలో చార్జి ఉన్నప్పటిది. హైవే మీద వేగంగా వెళ్తూ బ్యాటరీ అడుగంటితే మోటారు సాయం బాగా తగ్గుతుంది, లారీని దాటేటప్పుడు ఆ సంగతి తెలుస్తుంది. అందుకే నేను తణుకు దగ్గర జాతీయ రహదారి ఎక్కగానే చార్జి దాచుకునే మోడ్ నొక్కి, విజయవాడ ట్రాఫిక్‌లోకి దిగాక కరెంటు మీదకి మారుస్తాను.

అపోహ: బ్రేకులు అరగవు, వాటి గొడవే ఉండదు.

అరగవు, నిజమే. ముందు మోటారే బండిని ఆపుతుంది కాబట్టి ప్యాడ్లకి పని తక్కువ. ఆ పని లేకపోవడమే ఇక్కడ చేటు. ఉప్పుగాలి, తేమ, రొయ్యల బండ్ల నుంచి రోడ్డు మీద కారే ఉప్పునీళ్లు, వీటికి డిస్కులు తుప్పు పడతాయి. బ్రేకు ప్యాడ్లు జరగడానికి ఉండే కాలిపర్ పిన్నులు బిగుసుకుపోతాయి. నరసాపురం వైపు నుంచి వచ్చిన ఒక బండికి ప్యాడ్లు కొత్తగానే ఉన్నాయి, డిస్కులు మాత్రం పాడుబడిన కొడవలిలా ఉన్నాయి. వారానికోసారి ఖాళీ రోడ్డు చూసుకుని నాలుగైదుసార్లు గట్టిగా బ్రేకు వేయండి. ఏటా ఒకసారి చక్రాలు విప్పించి పిన్నులకి గ్రీజు పెట్టించండి. మీ పాత బండి బ్రేకులకి ఈ జాగ్రత్త అవసరం పడలేదు, ఎందుకో మీకే తెలుసు!

అపోహ: పెట్రోల్ వాడకపోతే ఇంజిన్‌కి అంత మంచిది.

నిల్వ పెట్రోల్ పాడవుతుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసింది, ఇథనాల్ తేమని పీలుస్తుంది. నెలకి ఒకటి రెండుసార్లు ఇంజిన్ బాగా వేడెక్కేలా అరగంట తిప్పండి. చల్లటి ఇంజిన్ కాసేపు తిరిగి ఆగిపోతుంటే ఆయిల్లో పెట్రోల్ చేరుతుంది, అందుకే ఆయిల్ మార్పుకి కిలోమీటర్లతో పాటు నెలలూ చూడాలి. అన్నట్టు, చాలా ప్లగ్-ఇన్‌లలో పెట్రోల్ ట్యాంకు గాలి బయటికి పోకుండా మూసేసి ఉంటుంది. లోపల బటన్ నొక్కి, ప్రెషర్ తగ్గేదాకా కాసేపు ఆగితేనే మూత తెరుచుకుంటుంది. తెలియక బంకు కుర్రాడు స్క్రూడ్రైవర్ పెట్టి తెరవబోయిన గీతలు నా బండి మీదే ఉన్నాయి.

అపోహ: వరద నీళ్లలో దిగితే కారు మొత్తానికి షాక్ కొడుతుంది.

కొట్టదు. పెద్ద వోల్టేజీ తీగలు రెండూ బాడీతో సంబంధం లేకుండా విడిగా ఉంటాయి. ఎక్కడైనా కరెంటు లీకైతే కనిపెట్టే ఏర్పాటు ఉంటుంది. బ్యాటరీ డబ్బా నీరు చొరకుండా సీలు చేసి ఉంటుంది. అలాగని నీళ్లలోకి తోలమనడం లేదు. ఇంజిన్ నీళ్లు మింగితే ఏ పెట్రోల్ కారైనా పోయినట్టే, ఇదీ అంతే. మునిగిన బండిని స్టార్ట్ చేయొద్దు, చార్జింగ్ పెట్టొద్దు, ఇంటికి దూరంగా ఉంచి లారీ మీద ఎక్కించి పంపండి. నారింజ రంగులో ఉండే ఆ పెద్ద వోల్టేజీ తీగల్ని మీరే కాదు, ఆ పని నేర్చుకోని మెకానిక్ కూడా ముట్టుకోకూడదు.

తుపాన్ల విషయంలో ఈ బండికి నేను ఎక్కువ మార్కులేస్తాను. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు, కరెంటు లేని వేళ పూర్తి ఎలక్ట్రిక్ బండి ఉన్న మిత్రుడు చార్జింగ్ పెట్టుకోలేక నాకు ఫోన్ చేశాడు. నేను పెట్రోల్ మీద తిరుగుతున్నాను.

బండి ఒక్కసారిగా 'చచ్చిపోయింది' అంటూ వచ్చే ఫోన్లలో చాలావాటికి కారణం మాత్రం పెద్ద బ్యాటరీ కాదు, పక్కనుండే మామూలు 12 వోల్టులది. అది డౌనైతే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా తలుపు తీయడం కూడా కష్టమే.

కొనేముందు చేయాల్సినవి. టెస్ట్ డ్రైవ్‌కి బ్యాటరీ ఖాళీ అయిన బండి ఇమ్మనండి, దాని అసలు లాగుడు అప్పుడే తెలుస్తుంది. ఇంటిల్లిపాదినీ ఎక్కించండి, ముఖ్యంగా పెద్దవాళ్లని, ఎక్కడం దిగడం వాళ్లే చెబుతారు. సెకండ్‌హ్యాండ్ అయితే ఒక రాత్రి మీ సాకెట్‌కే పెట్టి, ఎన్ని యూనిట్లు తీసుకుందో, పొద్దున్న ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో రాసుకోండి. డిక్కీ నేల మూత ఎత్తి చూడండి. కేబులు సీలు విప్పకుండా ఉంటే మీటరు మీది కిలోమీటర్లలో చాలామటుకు ఇంజినే లాగి ఉంటుందని అర్థం, బేరం అక్కడి నుంచి మొదలుపెట్టండి.