లెన్స్ మీద పేరు చూసి కెమెరాకి పేరు పెట్టేయకండి

మొన్న ఆదివారం కూడా అదే ఫోను. పర్లాకిమిడి నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు, "బాబూ, మా నాన్నగారి కాలం నాటి రాస్ కెమెరా ఉంది, లండన్ సరుకు, ఎంత పలుకుతాది?" అని. ఫొటో పంపండి మాస్టారూ అంటే, రాస్ అనే లండన్ కంపెనీ పేరున్న లెన్స్ ఒక్కటే దగ్గర్నుంచి తీసి పంపారు. బరంపురంలో ఈ రిపేర్ల బల్ల ముందు కూర్చుని ఇరవై ఏళ్ళు దాటింది, ఈ ముక్క చెప్పీ చెప్పీ నోరు పోతోంది, అందుకే రాసి పడేస్తున్నా.

అపోహ: లెన్స్ మీద ఏ పేరుంటే కెమెరా ఆ కంపెనీదే.

వాస్తవం: కాదు. గాజు ప్లేట్ల మీద ఫొటోలు తీసే ఆ రోజుల్లో చెక్క పెట్టె ఒకడు చేసేవాడు, లెన్స్ ఇంకొకడు, లెన్స్ ముందు తగిలించే, బట్ట తెరతో పనిచేసే రోలర్ బ్లైండ్ షట్టర్ మరొకడు, అమ్మిన షాపువాడేమో ఇవన్నీ వదిలేసి తన బిళ్ళ కొట్టుకునేవాడు. షట్టర్ మీద థార్న్‌టన్ పికార్డ్ అని ఉందనుకోండి, వాళ్ళు కెమెరాలూ చేశారు నిజమే, కానీ వాళ్ళ షట్టర్ని ఊళ్ళో ఉన్న కెమెరాలన్నిటికీ తగిలించుకునేవారు. పైగా మన స్టూడియోల్లో కెమెరా చేతులు మారితే లెన్స్ కూడా మారిపోయేది. కొన్ని పెట్టెలైతే అసలు లండన్ మొహమే చూడలేదు, కేరళ ఆలప్పుళలో 1940ల్లో మొదలైన వాగీశ్వరి కెమెరాలు ఉన్నాయి, ఊరి వడ్రంగి టేకుతో చేసిచ్చినవీ ఉన్నాయి.

దీనివల్ల నష్టం రెండు వైపులా. కొనేవాడు లెన్స్ పేరు చూసి పెట్టెకి కూడా డబ్బు పోస్తాడు. అమ్మేవాళ్ళ దగ్గరికేమో ఒకడొచ్చి "పెట్టె మీద పేరే లేదమ్మా, పొయ్యిలోకి తప్ప పనికిరాదు, ఆ ఇత్తడి ముక్క ఇచ్చెయ్యి" అని లెన్స్ పట్టుకుపోతాడు. గుణుపూర్ నుంచి ఒకావిడ అలా లెన్స్ ఐదొందలకి ఇచ్చేసి, పెట్టె నా దగ్గరికి తెచ్చింది. తిప్పి చూస్తే బేస్‌బోర్డు అడుగున, స్టాండ్ కాళ్ళు గుచ్చే ఇత్తడి చక్రం పక్కన, మసి కింద తయారీదారు పేరు. ఆవిడ మొహం చూడలేకపోయాను.

మా ఇంట్లో కథ ఇంకా బాగుంటుంది. మా నాన్న స్టూడియోలో ఉన్న హాఫ్ ప్లేట్ కెమెరాని లెన్స్ మీద పేరు చూసి చిన్నప్పట్నుంచీ డాల్‌మేయర్ కెమెరా అనేవాళ్ళం, నేనూ అందరికీ గొప్పగా చెప్పుకున్నా. ఆయన పోయాక లెన్స్ బిగించే చెక్క, అదే లెన్స్ బోర్డు, విప్పితే, పెట్టె అంతా మహోగని, బోర్డు మాత్రం టేకు, బోర్డు మీద పాత స్క్రూ బెజ్జాలు నాలుగు, వాటిలో పుల్లలు కొట్టి పూడ్చేశారు. లెన్స్‌కి వెలుగు తగ్గించే డయాఫ్రమ్ లేదు, దాని బదులు వాడే బెజ్జం ఉన్న ఎపర్చర్ బిళ్ళలు పెట్టే గాడీ లేదు. అది ప్రొజెక్టర్ లెన్సు! ఏ టూరింగ్ టాకీసువాడి దగ్గరో కొనుంటారు. నాన్న తీసిన పెళ్ళి ఫొటోల్లో మొహం ఇంత స్పష్టంగా, మూలలు తిరిగిపోయినట్టు మసగ్గా ఉండేవి, అది ఆయన స్టైల్ అనుకునేవాళ్ళం. మా అమ్మ ఇప్పటికీ స్టైలే అంటుంది.

కాబట్టి ముందు గ్రౌండ్ గ్లాస్, అంటే వెనక బొమ్మ కనబడే గరుకు అద్దం, కొలవండి. నాలుగుముప్పావు బై ఆరున్నర అంగుళాలైతే హాఫ్ ప్లేట్, ఆరున్నర బై ఎనిమిదున్నర అయితే ఫుల్ ప్లేట్, ఇవి ఇంగ్లీషు కొలతలు. 9 బై 12, 13 బై 18 అని సెంటీమీటర్లలో సరిగ్గా కుదిరితే యూరప్ వైపు చూడాలి. తర్వాత లెన్స్ బోర్డు చెక్క, మిగతా చెక్క ఒకటేనా, పాత బెజ్జాలున్నాయా చూడండి. లెన్స్ సంగతి ఆ తర్వాతే.

లెన్స్ మీద అంకెల్నీ గుడ్డిగా నమ్మొద్దు. పాత ఇంగ్లీషు లెన్సుల మీద యు.ఎస్. స్టాపులనే ఎపర్చర్ అంకెలుంటాయి, అమెరికా కాదు, యూనిఫాం సిస్టమ్, 1880ల్లో వచ్చిన పద్ధతి. అందులో 4 అంటే ఇప్పటి ఎఫ్ పద్ధతిలో ఎఫ్ 8, 8 అంటే ఎఫ్ 11, 16 ఒక్కటే రెండింట్లోనూ 16. "ఎఫ్ 4 లెన్స్, చాలా ఫాస్ట్, వెలుగు బాగా లాగుద్ది" అని అమ్మేవాళ్ళలో సగం మందికి ఇది తెలీదు, మిగతా సగానికి తెలిసే చెప్తారు. అనుమానముంటే దూరంగా ఉన్న చెట్టుని ఫోకస్ చేసి, లెన్స్ మధ్య నుంచి గ్లాస్ దాకా కొలిచి, ఆ కొలతని ముందు నుంచి కనబడే ఎపర్చర్ వెడల్పుతో భాగించండి, అసలు ఎఫ్ అంకె దగ్గరదగ్గరగా తెలిసిపోద్ది.

మిగతావి గబగబా చెప్పేస్తా. పేటెంట్ సంవత్సరం తయారైన సంవత్సరం కాదు, ఆ తర్వాత ఎప్పుడైనా చేసుండొచ్చు. డి.ఆర్.పి. కంపెనీ పేరు కాదు, జర్మన్ పేటెంట్ గుర్తు. రాస్ లెన్స్ మీద జర్మన్ కంపెనీ జైస్ పేటెంట్ అని ఉంటే అది దొంగ సరుకు కాదు, లైసెన్స్ తీసుకుని లండన్లోనే చేశారు. ఇత్తడి గొట్టం పక్కన సన్నటి గాడి ఉంటే విరిగింది అనుకోకండి, బిళ్ళలు దూర్చేది అందులోనే. పాత సామాన్లలో రెడ్ మెర్క్యురీ, రైస్ పుల్లర్ లాంటి కోట్ల విలువైన మాయ వస్తువులుంటాయంటూ ఎవడైనా వస్తే గుమ్మంలోంచే పంపించేయండి, అందులో ఉన్నది గాజు, ఇత్తడి, అంతే. చింతపండు పెట్టి మాత్రం తోమకండి తల్లీ, పైన లక్కరూ పోద్ది, అక్షరాల్లో నల్లరంగూ పోద్ది, ఆనక నేను చదవడానికి ఏం మిగలదు.

మాస్టారికి కూడా ఇదే చెప్పి, పెట్టె తిరగేసి అడుగుభాగం ఫొటో తియ్యమన్నా. నిన్న రాత్రి పంపారు. స్టాండ్ చక్రం చుట్టూ మసి, దాని పక్కన పెన్సిల్‌తో ఎవరో రాసుకున్న అంకె, 43. పేరుందో లేదో ఇంకా కనబడట్లేదు, పొడిగుడ్డతో మెల్లగా తుడవమని చెప్పా.